శ్రీకాకుళం నుంచి విశాఖ వెళ్లేవాళ్లు ముందు చూసుకోవాల్సింది ఎక్కడ దిగాలో

మా అత్తగారిని విశాఖ కేజీహెచ్‌లో, అంటే అక్కడి పెద్ద ప్రభుత్వాసుపత్రిలో, చూపించి తీసుకురావడం మా ఇంట్లో నా పని. అందుకే వీధిలో ఎవరికి అక్కడ పనిపడినా "ఏ బస్సుకి వెళ్తే మంచిది వదినా?" అని నన్నే అడుగుతారు. నేను ముందు అడిగేది ఒక్కటే: మీ పని విశాఖలో ఏ మూల? అది తెలిస్తే బస్సా, రైలా, ఎక్కడ దిగాలి అన్నవన్నీ తేలిపోతాయి.

మన బస్సులు హైవే మీద ఎచ్చెర్ల, రణస్థలం, పైడిభీమవరం, భోగాపురం, తగరపువలస, ఆనందపురం దాటి మధురవాడ వైపు నుంచి నగరంలోకి వెళ్తాయి. ద్వారకా బస్‌స్టేషన్, అదే అందరూ కాంప్లెక్స్ అనేది, చిట్టచివర వస్తుంది. చాలామంది అక్కడిదాకా పోయి, సిటీ బస్సెక్కి, వచ్చిన దారినే మళ్లీ వెనక్కి వస్తారు. పక్కన ఒంట్లో బాగోని మనిషి ఉంటే ఆ తిరుగుడు ఎంత నరకమో పడ్డవాళ్లకే తెలుస్తుంది.

భీమిలి వెళ్లేవాళ్లు తగరపువలసలోనే దిగిపోండి. అక్కడ బస్సులు, ఆటోలు దొరుకుతాయి. విమ్స్ ఆసుపత్రికి, ఆరిలోవ వైపు ఉన్న పెద్ద ప్రైవేటు ఆసుపత్రులకు హనుమంతవాక జంక్షన్‌లో దిగాలి. సింహాచలం వెళ్లేవాళ్లకూ అదే జంక్షన్ దగ్గర దారి. ఆరిలోవ, ముడసర్లోవ మీదుగా సింహాచలం కొండ కింది అడవివరం చేరిపోవచ్చు. ఆంధ్రా యూనివర్సిటీలో పనుంటే మద్దిలపాలెం. కేజీహెచ్, కలెక్టరాఫీసు, జగదాంబ జంక్షన్, ఆర్కే బీచ్ అయితే మాత్రం కాంప్లెక్స్ దాకా వెళ్లాల్సిందే.

ఇక ఏ బస్సు ఎక్కాలి? శ్రీకాకుళం కాంప్లెక్స్ నుంచి నాన్‌స్టాప్‌లు ఉన్నాయి. రెండు, రెండున్నర గంటల్లో చేరుస్తాయి. ఎక్స్‌ప్రెస్ కొంచెం ఆగుతూ వెళ్తుంది, కానీ ఆడవాళ్లకు 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకంలో అందులో టికెట్టు ఉచితం. ఈ ఉచితం నాన్‌స్టాప్‌లకు, డీలక్స్, సూపర్ లగ్జరీ, ఏసీ బస్సులకు లేదు. ఆధార్ కార్డు చేతిలో పెట్టుకుని కండక్టరును సున్నా టికెట్టు అడిగి తీసుకోండి. ఉచితమే కదా అని టికెట్టు తీసుకోకుండా కూర్చోవద్దు. 60 ఏళ్లు దాటిన మగవాళ్లకు ఆర్టీసీలో 25 శాతం రాయితీ ఉంది, వాళ్లూ కార్డు చూపించాలి. దారిలో దిగాల్సినవాళ్లు నాన్‌స్టాప్ ఎక్కేముందే "హనుమంతవాకలో దించుతారా బాబూ?" అని డ్రైవరును అడగండి. కుదరదంటే ఎక్స్‌ప్రెస్ ఎక్కండి, గొడవే లేదు.

సీటు విషయంలో ఒక మాట. ఎండాకాలంలో ఉదయం వెళ్లి సాయంత్రం తిరిగొచ్చేవాళ్లు రెండుసార్లూ కుడివైపు, అంటే డ్రైవరు వెనక వరసలో కూర్చోండి. పొద్దున విశాఖ వెళ్తుంటే ఎండ ఎడమ కిటికీల్లోంచి పడుతుంది. సాయంత్రం ఇటు వస్తుంటే ఎండా, బస్సూ రెండూ తిరిగాయి కాబట్టి అప్పుడూ ఎడమవైపే. జ్వరంతో ఉన్న పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని ఎడమవైపు కూర్చున్నవాళ్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

పెద్దవాళ్లను, షుగరు, కిడ్నీ జబ్బులున్నవాళ్లను తీసుకెళ్తుంటే రైలే మేలని నా నమ్మకం. బస్సులో బాత్రూం ఉండదు. అడిగితే డ్రైవరు ఆపుతాడు, కానీ పెద్దవాళ్లు అడగరు. ముందురోజు నుంచే మంచినీళ్లు తాగడం మానేస్తారు. మా అత్తగారూ అలాగే చేసేవారు. నీళ్లు తాగకుండా వెళ్లిన మనిషికి అక్కడ పరీక్షలకు నరం దొరకదు. రైల్లో ఆ బెంగ లేదు, ఖాళీ ఉంటే కాసేపు నడుం వాల్చవచ్చు కూడా.

రైలుకు ఇబ్బంది ఒకటే. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ మన ఊళ్లో లేదు, ఆమదాలవలసలో ఉంది. దాదాపు 13 కిలోమీటర్లు. శ్రీకాకుళం కాంప్లెక్స్ నుంచి బస్సులు, ఆటోలు ఉంటాయి గానీ గంట ముందే బయల్దేరండి. జనరల్ టికెట్టు మరీ ముందుగా తీసుకోవద్దు. 200 కిలోమీటర్ల లోపు ప్రయాణానికి కొన్న 3 గంటల్లోపే రైలెక్కాలన్నది నిబంధన.

అన్నిటికన్నా ముఖ్యం, మీ రైలు విశాఖపట్నం స్టేషన్‌లో ఆగుతుందో లేదో చూసుకోండి. ఆ స్టేషన్‌కు వెళ్లిన దూరప్రయాణం రైళ్లు ఇంజను మార్చుకుని, వచ్చిన వైపే వెనక్కి బయల్దేరాలి. ఆ ఆలస్యం లేకుండా కొన్ని రైళ్లు ఊళ్లోకి వెళ్లకుండానే దువ్వాడ మీదుగా పోతాయి. గాజువాక, స్టీల్‌ప్లాంట్ వైపు పనున్నవాళ్లకు దువ్వాడ చక్కగా సరిపోతుంది. కేజీహెచ్‌కి వెళ్లాల్సినవాళ్లు అక్కడ దిగితే ఆటోకే బోలెడు డబ్బులు పోసుకోవాలి. పైగా ఓపీ చీటీ పొద్దున్నే తీసుకోవాలి కదా, ఆలస్యమైతే ఆ రోజు పని కానట్టే.

సొంత కారంటే నాతవలస దగ్గర టోల్‌గేటు తగులుతుంది. ఆసుపత్రి పనికి కారు తీసుకెళ్లమని నేను ఎవరికీ చెప్పను, అది పెట్టే చోటు వెతుక్కోవడంలోనే సగం పూట పోతుంది. విమానం ఎక్కాల్సినవాళ్లు టికెట్టు మీద విమానాశ్రయం పేరు చదువుకోండి. పాతది నగరం అవతల ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర ఉంది. కొత్తది మన దారిలోనే, భోగాపురంలో.

విశాఖలో దిగాక రైల్వేస్టేషన్ నుంచి గానీ కాంప్లెక్స్ నుంచి గానీ కేజీహెచ్ దగ్గరే. జగదాంబ వైపు షేర్ ఆటోలు ఉంటాయి. వాటిలో పేషెంటును ఇరికించవద్దు, విడిగా ఆటో మాట్లాడుకోండి, లేదా యాప్‌లో బుక్ చేయండి. పిల్లలకు సముద్రం చూపించాలంటే 900కే నంబరు బస్సు బీచ్ రోడ్డు మీదుగా రుషికొండ, భీమిలి వెళ్తుంది. 222 హైవే మీదుగా తగరపువలస వెళ్తుంది. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరిప్రదక్షిణ జరిగే రోజుల్లో హనుమంతవాక చుట్టూ జనం కిక్కిరిసిపోతారు, దారులు మళ్లిస్తారు. తప్పించుకోగలిగిన పనైతే ఆ రెండు రోజులూ ఆపుకోండి.

తిరుగు ప్రయాణంలో పలాస, ఇచ్ఛాపురం వైపు వెళ్లే బస్సెక్కితే, శ్రీకాకుళం ఊళ్లోకి వస్తుందా, హైవే మీదే దించేస్తుందా అని ముందే అడగండి. రాత్రి పొద్దుపోయాక అయితే ఇంట్లో ఒకరిని హైవే మీది సింహద్వారం జంక్షన్ దగ్గరికి బండి తీసుకురమ్మని, బస్సు రణస్థలం దాటగానే ఫోన్ చేయండి.