పిల్లలకు స్టాన్లీ కప్ ఫైనల్ అర్థమయ్యేలా చెప్పడం ఎలా?

స్టాన్లీ కప్ అంటే ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ (ఎన్‌హెచ్‌ఎల్) విజేతకిచ్చే కప్పు. ఐస్ హాకీ తెలియని పిల్లల్ని నేరుగా టీవీ ముందు కూర్చోబెడితే పది నిమిషాల్లో లేచిపోతారు. పక్ (బంతికి బదులు వాడే బిళ్ల) కనిపించదు, విజిల్ ఎందుకు వేశారో తెలియదు. అందుకే ముందురోజు ఓ అరగంట వాళ్లతో కూర్చోండి. ఒక కాగితం, పెన్సిలు, సీసా మూత, పన్నెండు చింతగింజలు ఉంటే చాలు.

మొదట ఏడు గళ్లు గీయించండి. ఫైనల్ అంటే ఒకే మ్యాచ్ అనుకోవడం క్రికెట్ ప్రపంచకప్ చూసిన పిల్లలకు అలవాటు. ఇక్కడ ముందుగా నాలుగు మ్యాచ్‌లు గెలిచిన జట్టుదే కప్పు. లీగ్ దశలో ఎక్కువ పాయింట్లు తెచ్చుకున్న జట్టు ఊళ్లో 1, 2, 5, 7 మ్యాచ్‌లు, రెండో జట్టు ఊళ్లో 3, 4, 6 జరుగుతాయి. ఒక్కో గడిలో ఊరి పేరు రాయించి, గెలిచిన జట్టు రంగు వేయించండి. 2024లో ఫ్లోరిడా పాంథర్స్ మొదటి మూడూ గెలిస్తే, ఎడ్మంటన్ ఆయిలర్స్ తర్వాతి మూడూ గెలిచింది. ఏడోది ఫ్లోరిడా 2-1తో గెలుచుకుంది. ఆ ఏడు గళ్లూ నింపి చూపిస్తే ఇక వేరే వివరణ అక్కర్లేదు.

తర్వాత కాగితం తిప్పి మైదానం గీయండి: మధ్యలో ఎర్ర గీత, దానికి రెండువైపులా ఒక్కో నీలి గీత, రెండు చివర్లా గోల్. జట్టుకు ఆరు గింజలు, అందులో ఒకటి గోలీ, అంటే గోల్‌కీపర్. సీసా మూతే పక్. దాడి చేసే జట్టు గింజ ఏదైనా మూతకన్నా ముందే అవతలి నీలి గీత దాటితే ఆఫ్‌సైడ్. మూతను చేత్తో జరిపిస్తే రెండుసార్లలో పట్టేస్తారు. ఐసింగ్ నియమం (మధ్య గీతకు ఇవతల నుంచే పక్‌ను అవతలి గోల్ గీత దాటేలా కొట్టడం) మాత్రం ఆ రోజే చెప్పొద్దు, రెండూ కలగాపులగం అవుతాయి.

తప్పు చేసిన ఆటగాడు సాధారణంగా 2 నిమిషాలు బయట కూర్చుంటాడు. ఒక గింజ తీసేయండి. కబడ్డీలో మనవాళ్లు పాయింటు తెస్తే ఔటైనవాడు లోపలికొస్తాడు. ఇక్కడ అవతలివాళ్లు గోల్ కొడితే, టైం మిగిలున్నా లోపలికొచ్చేస్తాడు. 5 నిమిషాల పెద్ద శిక్షకు ఈ వెసులుబాటు లేదు, గోల్ పడినా పూర్తిగా కూర్చోవాల్సిందే.

మ్యాచ్ రోజు పక్ వెంట కళ్లు పరిగెత్తించొద్దని చెప్పండి. అది 3 అంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న రబ్బరు బిళ్ల. ఎగరకుండా ఉండటానికి గడ్డకట్టించి మరీ వాడతారు. గోలీ ఎటు తిరిగితే అటు చూస్తే పక్ దానంతటదే దొరుకుతుంది. ఆటగాళ్లు గోడ దూకి వస్తూపోతూ ఉంటే కంగారుపడక్కర్లేదు. ముప్పావు నిమిషం పరుగుకే అలసిపోతారు కాబట్టి ఆట ఆగకుండానే మారుతుంటారు.

20 నిమిషాల పీరియడ్లు మూడు. సమమైతే మరో 20 నిమిషాలు, గోల్ పడేదాకా అలా ఎన్నిసార్లయినా. షూటౌట్ ఉండదు. అమెరికా తూర్పు తీరంలో రాత్రి 8కి మొదలయ్యే ఆట మనకు మర్నాడు ఉదయం 5:30కి వస్తుంది. బడి ఉన్న రోజైతే ఎంతవరకు చూడొచ్చో ముందే మాట్లాడుకోండి.

చివరి మ్యాచ్ అవగానే టీవీ కట్టేయకండి. రెండు జట్లూ వరసగా నిలబడి చేతులు కలుపుకుంటాయి. ఆపైన దాదాపు పదిహేనున్నర కిలోల కప్పును కెప్టెన్ ఎత్తి, ఇంకొకరికి అందిస్తాడు. అలా జట్టంతా ఎత్తుతారు. ఆ తర్వాత వాళ్ల పేర్లు దానిపై చెక్కుతారు.