టరాంటులా తిండి మానేసిందా? ముందు పొట్ట చూడండి

మన ఇళ్లలో ఎవరైనా రెండు పూటలు తినకపోతే జ్వరమో, అలకో అనుకుంటాం. పెట్టెలో పెంచుకునే పెద్ద బొచ్చు సాలీడు టరాంటులాకు ఆ లెక్క పనికిరాదు. బాగా ఎదిగిన సాలీడు నెలల తరబడి పస్తున్నా దానికేమీ కాదు. చిలీ రోజ్ అనే టరాంటులా రకమైతే ఏడాది దాటి తినకుండా ఉన్నవీ ఉన్నాయి. రోజులు లెక్కపెట్టడం మానేసి పొట్ట చూడండి.

పొట్ట నిండుగా ఉండి, ఒంటి రంగు వెలిసిపోయిందా? అది కుబుసం విడవబోతోంది. మారతహళ్లి పీజీలో నా మెక్సికన్ రెడ్‌నీ రకం టరాంటులా ఆరు వారాలు ఏమీ ముట్టలేదు (ఓనరుకు దాని సంగతి చెప్పలేదు లెండి). పొట్ట మీద వెంట్రుకలు రాలి బోడిగా ఉన్నచోట చర్మం రోజురోజుకీ నల్లబడుతూ వచ్చింది. అదే గుర్తని నాకు అప్పుడు తెలీదు. ఒక రాత్రి చూస్తే వెల్లకిలా పడి ఉంది. పోయిందనుకుని చెయ్యి పెట్టబోయి, కాలు సన్నగా కదలడం చూసి ఆగాను. ఆ సమయంలో ముట్టుకోకూడదు. చచ్చిపోయే సాలీడు సాధారణంగా వెల్లకిలా పడదు, బోర్లానే ఉండి కాళ్లు కిందికి ముడుచుకుంటుంది.

చేయాల్సింది: లోపల మేతగా వేసిన క్రికెట్ (కీచురాయి) ఉంటే వెంటనే తీసేయండి, మెత్తగా ఉన్న సాలీడును అది కొరికేస్తుంది. నీళ్ల గిన్నె ఉంచండి. కుబుసం విడిచాక కోరలు తెల్లగా ఉంటాయి, తర్వాత ఎర్రబడి, చివరికి నల్లబడతాయి. నల్లబడ్డాకే తిండి. పెద్దవాటికి పది రోజుల నుంచి రెండు వారాలు ఆగాలి.

డిసెంబర్, జనవరిలో మానేస్తే చలి మీద అనుమానపడండి. బెంగళూరు రాత్రులు 15 డిగ్రీలకు దిగుతాయి, సాలీడు మందగిస్తుంది. పెట్టెను కిటికీ దగ్గర్నుంచి లోపలి అరలోకి మార్చండి, చాలు. అడుగున హీట్ మ్యాట్ మాత్రం వద్దు. వేడి తప్పించుకోవడానికి సాలీడు కిందికే తవ్వుకుంటుంది, ఇక్కడ కిందే వేడి.

కొత్త పెట్టెలోకి మార్చిన తర్వాత కొన్నాళ్లు తినకపోవడం మామూలే. నేలను తాకకుండా గోడలు పట్టుకుని వేలాడుతుంటే అడుగున పరిచిన కొబ్బరి పొట్టు మరీ తడిగా ఉందేమో, ఆరనివ్వండి.

మేతగా వేసే పురుగు సాలీడు పొట్ట కంటే చిన్నదిగా ఉండాలి. బతికున్నదాన్ని చూసి వెనక్కి తగ్గితే తల నలిపి వేయండి. వంటింటి బొద్దింక మాత్రం ఎప్పుడూ వద్దు, అపార్ట్‌మెంట్‌లో కొట్టిన పెస్ట్ కంట్రోల్ మందంతా దాని ఒంట్లోనే ఉండొచ్చు.

నోటి పక్కనున్న చిన్న చేతుల కొసలు బాక్సింగ్ గ్లౌజుల్లా ఉబ్బాయంటే అది ఈడొచ్చిన మగది. తిండి తగ్గిపోతుంది, దానికి మందు లేదు.

టెన్షన్ పడాల్సింది పొట్ట ముడతలు పడి, కాళ్లు లోపలికి ముడుచుకుంటుంటేనే. అది దాహం. లోతు తక్కువ ఉన్న నీళ్ల గిన్నె అంచున నోరు తడిసేలా సాలీడును నెమ్మదిగా పెట్టండి, పొట్ట మునగకూడదు. ఊపిరి తీసుకునే రంధ్రాలు పొట్ట అడుగునే ఉంటాయి.

నోటి చుట్టూ తెల్లని జిగురు, కుళ్లు వాసన ఉంటే నులిపురుగులు పట్టి ఉండొచ్చు. నమ్మదగ్గ చికిత్స లేదు. ఆ పెట్టెను వేరే గదిలో పెట్టండి, దానికి వాడిన పట్టకారును ఇంకో సాలీడు దగ్గరికి తీసుకెళ్లొద్దు.