కాలనీ పార్కు స్థలంలో పునాదులు పడకముందే చేయవలసిన పనులు

పిల్లలు ఆడుకునే ఖాళీ జాగాలో ఒక ఉదయం కడీలు పాతి, మూలలకు ఎర్ర రంగు పూసిన హద్దు రాళ్లు వేసి, ట్రాక్టరుతో ఇసుక దించారంటే, అంతకు చాలా ముందే ఎవరో ఆ జాగాకు ఒక ప్లాటు నంబరు తగిలించి కాగితం పుట్టించారని అర్థం. జేసీబీ కంటే ముందు కాగితం వస్తుంది కనుక, అడ్డుకోదలచిన వాళ్లు కూడా కాగితం దగ్గరే మొదలుపెట్టాలి. ఈ సంగతి తెలియక మా కాలనీవాళ్లం మొదటి పది రోజులూ గేటు దగ్గర బైఠాయించి నినాదాలతో గడిపాము. ఆ పది రోజుల్లోనే అవతలివాళ్లు కోర్టు నుంచి తాత్కాలిక ఉత్తర్వు తెచ్చుకున్నారు.

అన్నిటికన్నా ముందు ఆ జాగా నిజంగా పార్కేనా అన్నది నిజాయితీగా తేల్చుకోవాలి. ఇరవై ఏళ్లుగా క్రికెట్ ఆడుతున్నంత మాత్రాన ఒకరి సొంత ప్లాటు మైదానమైపోదు. దాని యజమాని అనుమతి తీసుకుని ఇల్లు కట్టుకుంటే, రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ), ఎత్తు వంటి నిబంధనల మీద తప్ప మరొక అభ్యంతరం నిలవదు. పేదలకు ఇళ్లు వస్తున్నాయన్న చిరాకును పర్యావరణం పేరుతో చెప్పుకునేవాళ్లు కూడా ప్రతి కాలనీలో ఒకరిద్దరు ఉంటారు, వాళ్ల మాట మీద ఉద్యమం నడపకూడదు. ఆమోదం పొందిన లేఔట్‌లో ఓపెన్ స్పేస్‌గా చూపిన స్థలమైతే మాత్రం దాని సంగతి వేరు. లేఔట్ మంజూరు చేసేటప్పుడు కొంత స్థలాన్ని, ఎక్కువ చోట్ల 10 శాతాన్ని, ఖాళీగా వదిలి, రోడ్లతో పాటు దాన్ని పంచాయతీకో మునిసిపాలిటీకో రిజిస్టర్డ్ గిఫ్ట్ డీడ్ ద్వారా అప్పగించాలన్నది మన దగ్గరి షరతు. ఆ స్థలాన్ని చూపించే అమ్మకందారు మీ ప్లాట్లకు ధర కట్టించుకున్నాడు. అదే స్థలాన్ని రెండోసారి అమ్మే హక్కు అతనికీ, అతని వారసులకూ, అతని తరఫున అమ్మే అధికారమంటూ జీపీఏ పత్రం పట్టుకొచ్చిన వారికీ ఉండదు.

ఇది రుజువు చేయడానికి మూడు కాగితాలు చాలు. మొదటిది మంజూరైన లేఔట్ ప్లాను నకలు. ఎల్పీ నంబరు (లేఔట్ అనుమతి నంబరు), అధికారి సంతకం, ముద్ర ఉన్న సర్టిఫైడ్ కాపీయే పనికొస్తుంది. బ్రోచరులోని రంగుల బొమ్మ పనికిరాదు. రెండోది గిఫ్ట్ డీడ్, దాని నంబరు దొరికితే సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో నకలు తీసుకోవచ్చు. మూడోదాన్ని చాలామంది మరిచిపోతారు, అది మీ బీరువాలోనే ఉంటుంది. పార్కును ఆనుకుని ఉన్న ప్లాట్ల సేల్ డీడ్లు తీసి చివరి పేజీలోని హద్దుల షెడ్యూలు చదవండి. ‘ఉత్తరం: 30 అడుగుల రోడ్డు, తూర్పు: పార్కు స్థలం’ అని అమ్మకందారు తన చేతి సంతకం కింద ఒప్పుకుని ఉంటాడు. మా దగ్గర నలుగురి డాక్యుమెంట్లలో ఆ ఒక్క మాట నాలుగు దిక్కుల నుంచి దొరికింది. ఆ తరువాత అక్కడ ప్లాటు ఎలా పుట్టిందని అడిగితే అవతలి లాయరు దగ్గర సమాధానం లేకపోయింది. వీటితో పాటు ఆ సర్వే నంబరు మీద ఈసీ, అంటే రిజిస్టరైన లావాదేవీల పత్రం, తీస్తే ఎవరు ఎవరికి, ఏ తేదీన అమ్మారో బయటపడుతుంది. గూగుల్ ఎర్త్‌లోని పాత సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలు తేదీతో సహా అచ్చు వేసుకుంటే, ‘మేము ఎప్పటి నుంచో ఇక్కడే ఉన్నాము’ అనే వాదన నిలవదు.

కార్యాలయంలో నకళ్లు ఇవ్వడానికి జంకితే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాలి. రుసుము గ్రామ స్థాయిలో లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే మరో 30 రోజుల లోపు మొదటి అప్పీలు వేయాలి. ‘ఎందుకు చర్య తీసుకోలేదు’ వంటి ప్రశ్నలకు జవాబు దాటవేయడం తేలిక కనుక, ‘ఫలానా ఎల్పీ నంబరు ప్లాను, గిఫ్ట్ డీడ్, ఆ స్థలంలో ఇచ్చిన నిర్మాణ అనుమతుల నకళ్లు ఇవ్వండి’ అని కాగితాల పేరు పెట్టి అడగాలి.

ఈలోగా ఫిర్యాదు ఆగకూడదు. కమిషనరుకు లేదా పంచాయతీ కార్యదర్శికి ఇచ్చే అర్జీ ఒక పేజీకి మించకుండా రాసి, నకలు మీద తేదీ, ముద్ర, ఇన్‌వార్డ్ నంబరు వేయించుకోవాలి; ముద్ర లేని అర్జీ ఇచ్చినట్టు కాదు. సోమవారం కలెక్టరేట్లలో జరిగే ప్రజావాణి లాంటి కార్యక్రమంలోనూ ఇవ్వవచ్చు. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు లోపల అయితే ఆక్రమణల తొలగింపు చూసే, 2024 జులైలో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ హైడ్రాకు కూడా ఫిర్యాదు చేయవచ్చు. సబ్ రిజిస్ట్రారుకు వేరే అర్జీ పెట్టడం మరిచిపోవద్దు. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింది నిషేధిత జాబితాలో ఆ స్థలాన్ని చేర్చాలని స్థానిక సంస్థ చేత రాయిస్తే, కొత్త అమ్మకాల గొలుసు అక్కడితో తెగుతుంది. సంతకాలు ఇరవై మందివి ఉన్నా, నడిపేది నమోదైన సంఘమైతే మంచిది. ఏడుగురు సభ్యులుంటే 2001 సొసైటీల చట్టం కింద నమోదు చేయించుకోవచ్చు.

కోర్టు విషయంలో మేము పడ్డ దెబ్బను కాస్త వివరంగా చెప్పాలి. ఆక్రమించేవాళ్లు తరచూ మునిసిపాలిటీని ఒక్కదాన్నే ప్రతివాదిగా చేర్చి, తమను అడ్డుకోకూడదనే ఇంజక్షన్ ఉత్తర్వు కోసం దావా వేస్తారు; అటువైపు నుంచి ఎవరూ గట్టిగా మాట్లాడరు, ఉత్తర్వు వచ్చేస్తుంది, ఆ తరువాత మీ అర్జీలన్నిటికీ ‘కేసు కోర్టులో ఉంది’ అనే ఒకటే జవాబు వస్తుంది. అందుకే హద్దు రాళ్లు కనిపించిన వారంలోనే సివిల్ కోర్టులో కేవియట్, అంటే మా మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వవద్దనే ముందస్తు అర్జీ, వేయాలి. దాని గడువు 90 రోజులు, ఆ తరువాత మళ్లీ వేయాలి. దావా అప్పటికే పడి ఉంటే, ఇంప్లీడ్ పిటిషన్ వేసి సంఘమూ కక్షిదారుగా చేరాలి. హైకోర్టులో రిట్ వేయాలంటే, స్థలం ఎవరిదన్న వివాదంగా కాక, ముద్ర వేసి తీసుకున్న అర్జీ మీద అధికారులు కదలలేదన్న ఫిర్యాదుగా దాన్ని మలచమని లాయరుకు చెప్పండి. హక్కు వివాదమైతే సివిల్ కోర్టుకు పొమ్మంటారు.

లేఔట్‌లోని పార్కు కోసం కోర్టుకెక్కే అర్హత అక్కడి నివాసులకు ఉందని సుప్రీంకోర్టు 1991లోనే, బెంగళూరులో పార్కు స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి కేటాయించిన ముద్దప్ప కేసులో తేల్చింది. ‘కట్టేశాము, డబ్బు ఖర్చయింది’ అనేవారికి జవాబుగా హర్యానాకు చెందిన వీరేందర్ గౌర్ కేసు తీర్పు ఉంది. ఖాళీ స్థలంలో లేచిన కట్టడాన్ని తొలగించాలని 1995లో సుప్రీంకోర్టు అందులో చెప్పింది. చెరువు శిఖం (చెరువు నీళ్లు నిలిచే భూమి), గ్రామ ఉమ్మడి భూమి విషయమైతే 2011 నాటి సుప్రీంకోర్టు జగ్‌పాల్ సింగ్ తీర్పును లాయరుకు గుర్తుచేయండి.

ఈ పోరాటంలో బాగా తెలివైనదనిపించి చివరకు ముంచే ఉపాయం ఒకటి ఉంది. ఆక్రమణ ఆగుతుందని రాత్రికి రాత్రి విగ్రహం పెట్టి గుడి కట్టడం, లేదా సంఘం కార్యాలయమంటూ రేకుల షెడ్డు వేయడం. పార్కును పార్కుగా ఉంచాలన్నదే మీ వాదన అయినప్పుడు, అందులో మీరే కట్టడం లేపితే అవతలి లాయరు మొదట చూపించే ఫోటో అదే అవుతుంది. మొక్కలు నాటండి, సాయంత్రాలు పిల్లల్ని ఆడించండి, అక్కడే సంఘం సమావేశం పెట్టుకోండి, ప్రతి నెలా అదే మూల నుంచి ఒక ఫోటో తీసి ఉంచండి.

ఉత్తర్వు మీకు అనుకూలంగా వచ్చిన రోజునే స్థలాన్ని కొలిపించి, మునిసిపాలిటీ చేత కంచె వేయించి, ఎల్పీ నంబరు, సర్వే నంబరు, విస్తీర్ణం, గిఫ్ట్ డీడ్ నంబరు రాసిన బోర్డు పెట్టించాలి. గేటు తాళం చెవి ఒకటి మునిసిపాలిటీ దగ్గర, మరొకటి రోజూ పొద్దున్నే నడకకు వెళ్లే ఇద్దరి దగ్గర ఉండేలా చూసుకోండి.