థీసిస్ మొదలవ్వట్లేదా? ఎక్కడ ఆగిందో చూద్దాం

సమస్య: ఇంగ్లిష్ సాహిత్యంలో టాపిక్ ఖాయమైంది, గైడ్ సరే అన్నారు, అయినా నెల రోజులుగా ఫైల్‌లో శీర్షిక తప్ప ఏమీ లేదు.

కారణం: టాపిక్ ఉంది కానీ ప్రశ్న లేదు. నేను ఎక్కువగా చూసే ఇబ్బంది ఇదే, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను. 'ఫ్రాంకెన్‌స్టైన్‌లో స్త్రీ పాత్రలు' అని మేరీ షెల్లీ నవల మీద టాపిక్ అనుకున్నారనుకోండి, ఎవరెవరు ఉన్నారు, ఎవరికి ఏమైంది అని చెప్పుకుంటూ పోవడం తప్ప దాంతో ఏం చేస్తారు? అది కథ చెప్పడమే అవుతుంది.

పరిష్కారం: పుస్తకంలో మీకు అంతుపట్టని ఒక చిన్న చోటు పట్టుకోండి. ఇదే నవల 1818 ప్రతిలో ఎలిజబెత్, తనని పెళ్లాడబోయే కథానాయకుడు విక్టర్‌కి మేనత్త కూతురు. మేరీ షెల్లీ సవరించిన 1831 ప్రతికి వచ్చేసరికి ఆ చుట్టరికం లేదు, ఆ కుటుంబం తెచ్చి పెంచుకున్న అనాథ పిల్ల. ఈ మార్పుతో వాళ్ల పెళ్లి మాటకి, అసలు ఆ నవలలో కుటుంబం అన్నదానికి అర్థం మారిందా? ఇది ప్రశ్న. మీ ప్రశ్న నిలబడుతుందో లేదో తెలుసుకోవాలంటే, మీరిచ్చే జవాబుని బాగా చదువుకున్న మనిషి ఎవరైనా కాదని వాదించగలరా అని చూడండి. వాదించడానికి ఏమీ లేకపోతే అది ఇంకా టాపిక్కే.

అన్నట్టు, ఏ ఎడిషన్ మీద పని చేస్తున్నారో మొదటి రోజే తేల్చుకోండి. షేక్‌స్పియర్ నాటకం హామ్లెట్ 1603 క్వార్టోకీ (చిన్న సైజు ముద్రణ) 1623 ఫోలియోకీ (పెద్ద సైజు సంపుటి) చాలా తేడా ఉంది, అందరికీ తెలిసిన 'టు బి ఆర్ నాట్ టు బి' స్వగతంలో మాటలే వేరు. నెట్‌లో దొరికిన ప్రతి ఎక్కడిదో తెలియకుండా దాని మీద చాప్టర్ రాస్తే తర్వాత మొత్తం తిరగరాయాల్సి వస్తుంది.

సమస్య: చదువుతూనే ఉన్నారు, నోట్సు పెరుగుతోంది, రాత మాత్రం లేదు.

కారణం: విమర్శకులందరినీ చదివాకే నోరు విప్పాలన్న భయం. వాళ్లని ముందే చదివితే వాళ్ల మాటలే మీ ఆలోచనలుగా అనిపిస్తాయి.

పరిష్కారం: మీ పుస్తకంలోంచి ఒక్క పేరా తీసుకుని, ఎవరి సాయమూ లేకుండా దాని మీద రెండు పేజీలు రాయండి. బాగా రాకపోయినా ఫర్వాలేదు. ఆ తర్వాత ఎమ్ఎల్ఏ ఇంటర్నేషనల్ బిబ్లియోగ్రఫీలో (సాహిత్య పరిశోధన వ్యాసాలు, పుస్తకాల వివరాలుండే డేటాబేస్) వెతికి, ఈమధ్య వచ్చిన ఒక మంచి వ్యాసం చివర ఉన్న జాబితా పట్టుకుని వెనక్కి వెళ్లండి. చదివిన ప్రతిదీ అప్పుడే జొటేరోలో (చదివిన వాటి వివరాలు దాచుకునే సాఫ్ట్‌వేర్) పెట్టుకోండి. నోట్సులో ఇతరుల వాక్యాలకి కొటేషన్ గుర్తులు, పేజీ నంబర్లు తప్పకుండా వేయండి, ఆరు నెలల తర్వాత ఏది ఎవరి వాక్యమో మీకే తెలియదు. తెలియకుండా చేసినా కాపీ కాపీయే.

సమస్య: థియరీ (స్త్రీవాదం లాంటి విమర్శ సిద్ధాంతం) ఒకవైపు, నవల ఒకవైపు, రెండూ అతకడం లేదు.

కారణం: థియరీని ముందు ఎంచుకుని, దానికి సరిపడే ఉదాహరణలు వెతుకుతున్నారు.

పరిష్కారం: ఆ థియరీకి లొంగని సన్నివేశం ఒకటి వెతకండి. మీ చాప్టర్ అక్కడే ఉంటుంది.

సమస్య: ఇంట్రడక్షన్ దగ్గరే ఇరుక్కుపోయారు.

పరిష్కారం: దాన్ని చివరికి వదిలేయండి. ముందు ఆ రెండు పేజీలని పది చేసి గైడ్‌కి పంపండి, పూర్తిగా దిద్దేదాకా ఆగొద్దు.