తుంబురు కోనలో ఒక రోజు రాళ్లబాట నడక ఎలా చేయాలి?

కొండను నీరు కోసుకుంటూ పోయిన లోతైన లోయను రాయలసీమలో కోన అంటారు. శేషాచలం కొండల్లో అలాంటి కోనలు అనేకం ఉన్నా, తిరుమల నుంచి ఉదయం బయల్దేరి చీకటి పడకముందే తిరిగి రాగలిగినది తుంబురు కోన. పాపవినాశనం డ్యాం దగ్గర మొదలయ్యే కాలిబాట సుమారు 7 కిలోమీటర్ల మేర అడవిలోంచి, బండల మీదుగా సాగి, చివరకు రెండు నిట్టనిలువు రాతిగోడల నడుమనున్న తుంబురు తీర్థం నీటిలోకి చేరుస్తుంది. రోడ్డు మీద ఆ దూరం గంటన్నర నడకే. ఇక్కడ మాత్రం నడక అలవాటున్నవారికి కూడా వెళ్లడానికే మూడు గంటలు పట్టవచ్చు.

ముందు తేదీ చూసుకోవాలి

ఈ కోన శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానంలో ఉంది కాబట్టి, అనుమతి లేకుండా వెళ్లడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమవుతుంది. సామాన్య యాత్రికులకు దారి తెరుచుకునేది తుంబురు తీర్థ ముక్కోటి పర్వదినానికే. మీన మాసంలో ఉత్తర ఫల్గుణీ నక్షత్రంతో కూడిన పౌర్ణమికి, అంటే మార్చి, ఏప్రిల్ నెలల్లో అది వస్తుంది. లోనికి పంపే వేళలను తిరుమల తిరుపతి దేవస్థానం ముందుగా ప్రకటిస్తుంది. గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవారు రావద్దన్న హెచ్చరికను మాటవరసకు చెప్పినదిగా భావించకండి. కోన లోపలికి వాహనం రాదు. కాలు విరిగినవారినైనా, ఊపిరాడనివారినైనా ఆ బండల మీదుగా మనుషులే మోసుకురావాలి.

సంచి సర్దుకోవడం

ఎండాకాలం కనుక మనిషికి 3 లీటర్ల నీళ్లు ఉండాలి. తిరుమలలో ప్లాస్టిక్ నీళ్ల సీసాలపై నిషేధం ఉంది కాబట్టి స్టీలు సీసాలు తీసుకోండి. రెండు ఓఆర్ఎస్ పొట్లాలు, నాలుగు అరటిపళ్లు, వేరుశనగ చిక్కీ, ఒక క్రేప్ బ్యాండేజీ, టార్చి, ఫోనును నీటిలో కాపాడే సంచి ఉంటే చాలు. ముక్కోటి రోజున దేవస్థానం అన్నప్రసాదాలు, మజ్జిగ పంచుతుంది గాని, దాన్నే నమ్ముకుని ఖాళీ సంచితో బయల్దేరకూడదు. అగ్గిపెట్టె మాత్రం వద్దు; ఆకు రాల్చి ఎండిన అడవి అది. చెప్పులతో కూడా వద్దు. నాలుగైదుసార్లు తొడిగి పాదానికి అలవాటైన, అడుగున గాట్లు లోతుగా ఉన్న బూట్లే వేసుకోండి.

బండల మీద అడుగు వేయడం

తెల్లవారగానే నడక మొదలుపెట్టాలి. మొదట ఎక్కుడు, తర్వాత చెట్ల నీడలో కాస్త సాఫీ బాట, ఆపై లోయలోకి దిగుడు వస్తాయి. ఎక్కుడులో మాట్లాడుతూ నడవగలిగినంత వేగమే సరైన వేగం.

అసలు పని ఏటి గర్భంలో మొదలవుతుంది. ఇక్కడి రాయి 150 కోట్ల ఏళ్లకు పైబడిన క్వార్ట్‌జైట్; అది గట్టి రాయి కనుక పొడిగా రాలిపోకుండా పెచ్చులుగా, పెట్టెల్లాంటి దిమ్మెలుగా విరిగి పడుతుంది, నీటి ఒరిపిడి తగిలినచోట అద్దంలా నునుపు తేలుతుంది. అందుకే ఇక్కడ రెండు రకాల ప్రమాదాలున్నాయి. దిమ్మె చూడటానికి నిబ్బరంగా ఉన్నా కింద ఆనిక లేక ఊగవచ్చు. బరువంతా వేయకముందు ఒక కాలితో నొక్కి చూడాలి. రెండవది తడి. పొడి బండ లేత గులాబీ రంగులో గరుకుగా కనిపిస్తుంది, దాని అంచున నల్లటి చార ఉంటే అది నీడ కాదు, పాచి. ఒకసారి నేను దాన్ని నీడ అనుకునే కాలు పెట్టాను. మోచేయి బండకు తగిలాక గాని జారానని తెలియలేదు. నల్లచారను దాటి అడుగు వేయండి, దాటలేకపోతే కూర్చుని జరగండి. దూకడం మాత్రం ఎప్పుడూ వద్దు. కష్టమైన చోట్ల తాళ్లు కట్టి ఉంటే, ఒకరు పూర్తిగా దాటిన తర్వాతే రెండో మనిషి తాడు పట్టుకోవాలి.

ఇరుకు గోడల మధ్య

కోన ఇరుకైనకొద్దీ ఆకాశం సన్నని పట్టీలా మిగులుతుంది. మిట్టమధ్యాహ్నం తప్ప అడుగుదాకా ఎండ దిగదు కాబట్టి, చెమట పట్టిన ఒంటికి నీళ్లు ఒక్కసారిగా చల్లగా తగులుతాయి. ముందు చేతులు, మెడ తడుపుకుని నెమ్మదిగా దిగండి. లోతు ఆ సంవత్సరం కురిసిన వానలను బట్టి ఉంటుంది. చేతికర్రతో అడుగు తడిమి చూడకుండా ముందుకు వెళ్లవద్దు, ఈత వచ్చినవారైనా మడుగులోకి దూకవద్దు. గోడలకు తేనెపట్టులు కనిపిస్తే కేకలు, ఈలలు ఆపి నిశ్శబ్దంగా దాటిపోవాలి. కవయిత్రి తరిగొండ వెంగమాంబ తపస్సు చేసిన చోటుగా భక్తులు కొలిచే కోన ఇది. అడవి జంతువులు తాగేదీ ఈ నీళ్లే. సబ్బు, షాంపూ, వదిలేసిన బట్టలు ఈ నీళ్లలో కనిపించినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది.

వెనుదిరగడం

ఎన్ని గంటలకు వెనుదిరగాలో పాపవినాశనం దగ్గరే జట్టంతా నిర్ణయించుకోండి. నా లెక్కలో అది మధ్యాహ్నం 12 గంటలు. తీర్థం ఇంకా పావుగంట దూరంలోనే ఉన్నా సరే, ఆ వేళకు వెనక్కి తిరగాలి. ఎందుకంటే ఉదయం సులువుగా దిగిన లోయ ఇప్పుడు ఎండలో, అలసిన కాళ్లతో ఎక్కవలసిన కొండ అవుతుంది. సగానికి పైగా నీళ్లు ఆ ఎక్కుడు కోసం మిగిల్చుకోండి. అందరికంటే నెమ్మదిగా నడిచేవారిని ముందు ఉంచి, వారి వేగంతోనే మిగతావారు నడవాలి. కోనలో ఫోన్లు పనిచేయవు కనుక, చివరి మనిషి డ్యాం దగ్గరకు చేరేదాకా జట్టులో ఎవరూ బస్సెక్కకూడదు. ఎవరైనా వెనకబడితే ఎక్కడ విడిపోయారో సిబ్బందికి చెప్పగలిగేది మీరే.