మోసిన్-నాగాంత్, పాత సైనిక తూటాలు: తుడిచి పెట్టినా తుప్పెందుకు?

సమస్య: రష్యా పాత సైనిక రైఫిల్ మోసిన్-నాగాంత్‌తో కాల్చి వచ్చిన రోజే బ్యారెల్ తుడిచి నూనె పట్టించారు. వారం తిరిగేసరికి లోపల నారింజ రంగు పొడి.

కారణం: ప్రైమర్, అంటే తూటా అడుగున ఉండి మందుకు నిప్పంటించే చిన్న భాగం. మోసిన్‌లో వాడే సోవియట్ కాలపు 7.62×54ఆర్ తూటాల ప్రైమర్లలో పొటాషియం క్లోరేట్ ఉంటుంది. పేలాక అది పొటాషియం క్లోరైడ్, అంటే ఒక ఉప్పుగా మారి బ్యారెల్ గోడలకు పడుతుంది. గాలిలో తేమను లాక్కుంటుంది. అమెరికాలోని హ్యూస్టన్ లాంటి ఉక్క ఊళ్లలో ఇంకా త్వరగా పని కానిస్తుంది. నూనె ఉప్పును కరిగించదు, దాని మీద పొరలా పరుచుకుంటుంది. కింద ఇనుము తినబడుతూనే ఉంటుంది.

పరిష్కారం: నీళ్లు. అంతకు మించి మందు లేదు. అమ్మోనియా కలిసిన అద్దాల క్లీనర్ వాడమని చాలామంది చెబుతారు. అందులోనూ ఉప్పును కడిగేది నీరే, అమ్మోనియా కాదు. అదే రోజు ఛాంబర్ (తూటా కూర్చునే వెనక భాగం) వైపు నుంచి గరాటుతో వేడినీళ్లు పోయండి. పొడిగుడ్డతో తడి పూర్తిగా తీసి, ఆ తర్వాతే మామూలు శుభ్రం, నూనె.

జాగ్రత్తపరులు కూడా వదిలేసేది బోల్టు, అంటే ఛాంబర్‌ను వెనక నుంచి మూసే భాగం. ప్రైమర్ వాయువు బోల్టు ముఖానికి, ప్రైమర్‌ను కొట్టే ఫైరింగ్ పిన్‌కు కూడా తగులుతుంది. మోసిన్ బోల్టు పనిముట్లు లేకుండానే విడిపోతుంది కాబట్టి విప్పి కడగండి. ఎస్‌కేఎస్ (సోవియట్ సెమీ ఆటోమేటిక్ రైఫిల్) అయితే గ్యాస్ పిస్టన్, ట్యూబు కూడా. మర్నాడు తెల్లగుడ్డ ఒకటి బ్యారెల్‌లో దూర్చి, నారింజ మరక అంటుతుందేమో చూడండి. ఈ ఒక్క పని చేయకుండానే బ్యారెల్ పాడైందని వచ్చేవాళ్లే ఎక్కువ. పెట్టె మీద ‘తుప్పు పట్టించదు’ అని ఉన్నా నమ్మకండి. పాత సరుకును కొత్త పెట్టెల్లో సర్ది అమ్ముతారు.

ట్రిగ్గర్ నొక్కితే ‘టక్’మని ఊరుకుందా? తుపాకీ లక్ష్యం వైపే ఉంచి కనీసం నిమిషం ఆగండి, బోల్టు తెరవకండి. ఆలస్యంగా పేలే తూటాలుంటాయి. అలాంటివి పదే పదే వస్తే ఆ సరుకు మొత్తం పక్కన పెట్టేయండి. అసలు పేలకపోతే తూటాను తిట్టే ముందు బోల్టు లోపల గడ్డకట్టిన పాత నిల్వ గ్రీజు తీయండి. ఫైరింగ్ పిన్ ఎంత ముందుకు వస్తుందో కూడా కొలవండి. రైఫిల్‌తో వచ్చే పనిముట్టు మీది 75, 95 గాట్లు అందుకే.

బోల్టు బిగుసుకుంటే చాలాసార్లు అదే గ్రీజు ఛాంబర్‌లో ఉంటుంది. మెడ చీలిన తూటాలు పారేయండి. శబ్దం నీరసంగా వస్తే మాత్రం మరో తూటా కాల్చకండి. తుపాకీ ఖాళీ చేసి, గుండు బ్యారెల్‌లోనే ఇరుక్కుందేమో చూడండి.