ఒక వాగు నుంచి మరో వాగుకు కప్పల తెగులు మోయకుండా ఉండటం ఎలా

1999లో శాస్త్రవేత్తలు పేరుపెట్టిన కైట్రిడ్ అనే రకానికి చెందిన ఒక శిలీంధ్రం కప్ప చర్మాన్ని పట్టి, ఆ చర్మం ద్వారానే సాగే నీటి, లవణాల సమతుల్యతను చెడగొట్టి, చివరకు గుండెను ఆపేస్తుంది. దాని సిద్ధబీజాలు నీటిలో ఈదుతాయి, తడి బురదలో మనతోపాటు ప్రయాణిస్తాయి.

అందువల్ల అమ్రాబాద్ అడవిలో మల్లెల తీర్థం జలపాతం చూసినవారు మరో వాగులో దిగే ముందు, బూట్ల అడుగున, వలల ముడుల్లో చిక్కిన మట్టిని అక్కడే బ్రష్‌తో పూర్తిగా రాల్చి, 70 శాతం ఆల్కహాల్‌తో తడిపి, చుక్క తేమ కూడా మిగలకుండా ఎండబెట్టాలి. ఈ ఎండబెట్టడాన్ని మాత్రం ఎన్నడూ వదలకూడదు. పాలమూరు ఎండ అందుకు ఎంతో అనుకూలం. బ్లీచింగ్ నీళ్లు వాడితే వాగులో పారబోయకండి, తోకకప్పలు చచ్చిపోతాయి.

కప్పను తాకకండి. ఒకచోటి తోకకప్పలను మరోచోట వదలకండి. చచ్చిన కప్పలు గుంపుగా కనిపిస్తే ఫొటో తీసి, అటవీ శాఖ సిబ్బందికి వెంటనే తెలపండి.